యంత్రం మారింది, వేళ్ళు మారలేదు

పోయిన నెల ఒక గృహప్రవేశ ఆహ్వానపత్రిక అచ్చు వేయించే పనిమీద మేడ్చల్ వెళ్ళవలసి వచ్చింది. బస్టాండు దగ్గరి సందులో, పాతికేళ్ళకు పూర్వం నేను సాయంకాలాలు పనిచేసిన డిటిపి కేంద్రం ఇంకా ఉంది. బోర్డు మారింది. పక్కనున్న ఎస్టీడీ బూతు స్థానంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు వెలిసింది. లోపల మాత్రం అదే అన్న. అతని పేరు ఇక్కడ రాయను. ఆ వీధి ఎరిగినవారందరికీ అతడు ఒట్టి 'అన్న' మాత్రమే. నన్ను చూడగానే కుర్చీ ఇటు జరిపి, ఎప్పటిలాగే అడిగాడు.

"ఏం తమ్మీ, ఇప్పుడు ఏ పార్టీల ఉన్నవు?"

అతడు అడిగింది రాజకీయం గురించి కాదు. విండోస్, లినక్స్, మాక్ అనే మూడింటినీ అన్న మొదటినుంచీ పార్టీలనే అంటాడు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు నేను మూడు వేర్వేరు జవాబులు చెప్పాను. అతడు మాత్రం ఒక్కసారీ మారలేదు. నేను మారిన ప్రతిసారీ అతణ్ణి కూడా మార్చాలని చూశాను, మారనందుకు చిన్నచూపు కూడా చూశాను. ఆ చిన్నచూపు తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఈ వ్యాసం ఆ పార్టీల చరిత్ర కొంత, ఆ అన్నకు నేను పడిన బాకీ కొంత.

* * *

కంప్యూటర్ల విషయంలో పక్షపాతాలు మన తరంతో మొదలైనవని అనుకుంటాం. నిజానికి మేడ్చల్ పరిసరాలకు ఈ కథ అంతకంటే పాతది. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో ఇప్పుడు కుషాయిగూడ కూడా ఒక భాగం. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద పుట్టిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనందరి నోట నలిగిన ఈసీఐఎల్, ఉన్నది అక్కడే. దానికి పునాది వేసిన అయ్యగారి సాంబశివరావుగారి పేరే ఎ.ఎస్. రావు నగర్‌కు వచ్చింది. ఆ కాలనీ బస్సు ఎక్కేవారిలో ఎంతమందికి ఈ సంగతి గుర్తుంటుందో గాని, ఈ దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటరు వెలువడింది ఆ సంస్థ నుంచే. 1969లో వచ్చిన ఆ యంత్రం పేరు టి.డి.సి-12. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అని దాని విస్తరణ. 12 అన్నది అది ఒక దఫాకు పట్టుకోగల బిట్ల సంఖ్య. తర్వాత టి.డి.సి-312, 1970ల నడుమ పదహారు బిట్ల టి.డి.సి-316 వచ్చాయి.

అదే కాలంలో దేశంలోని పెద్ద కార్యాలయాలు, విద్యాసంస్థలు చాలావరకు ఐబీఎం పక్షం. ఐబీఎం తన యంత్రాలను ప్రధానంగా అద్దెకు ఇచ్చేది. యంత్రం వారిది, మరమ్మతు వారిది, శిక్షణ వారిది. 1401 అనే యంత్రం మీద ప్రోగ్రాములు రాయడం నేర్చిన మనిషికి ఆ నేర్పే ఆస్తి. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు తమ భారతీయ శాఖలలో వాటాను నలభై శాతానికి తగ్గించుకోవలసి వచ్చింది. జనతా ప్రభుత్వం ఆ చట్టాన్ని గట్టిగా అమలు చేసింది. ఐబీఎం అందుకు ఒప్పుకోలేదు. 1978లో దేశం విడిచి వెళ్ళింది. వెళ్ళిన తర్వాత అది వదిలిన యంత్రాల బాగోగులు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ మీద పడ్డాయి.

ఇక్కడ ఒక విషయం గమనించదగినది. కంపెనీ వెళ్ళిపోయింది గాని, యంత్రాలు వెళ్ళలేదు. ఆ యంత్రాలకు అలవాటుపడిన మనుషులూ ఎక్కడికీ వెళ్ళలేదు. ఒక యంత్రానికి రాసిన ప్రోగ్రాము మరొక జాతి యంత్రం మీద నడవని రోజులవి. స్వదేశీ యంత్రానికి మారడమంటే జెండా మార్చుకున్నంత సులువు కాదు. రాసినదంతా మళ్ళీ రాయాలి, నేర్చినదంతా మళ్ళీ నేర్వాలి. స్వదేశాభిమానం ఒకవైపు, చేతికి వచ్చిన విద్య ఒకవైపు లాగితే మనిషి ఎటు మొగ్గుతాడు? ఈ ప్రశ్నే తర్వాత ముప్పై ఏళ్ళకు మా మేడ్చల్ సందులోకి కూడా వచ్చింది.

* * *

1984లో యాపిల్ వారి మాకింతోష్, మరుసటి ఏడు లేజర్ ప్రింటరు, ఆల్డస్ సంస్థ వారి పేజ్‌మేకర్ వెలువడడంతో అచ్చుపనిలో కొత్త యుగం మొదలైంది. సీసపు అక్షరాలు పేర్చే పని తెరమీదికి వచ్చింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే ఆ మాటను మనవాళ్ళు డిటిపి అని కుదించి, చివరకు తెలుగు మాటగానే చేసుకున్నారు. పేజ్‌మేకర్ మొదట పుట్టింది మాకింతోష్ మీదనే అన్న సంగతి చాలామంది డిటిపి వాళ్ళకే తెలియదు. వారెరిగిన పేజ్‌మేకర్ విండోస్‌ది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కలుపుకుంది. 2001లో వచ్చిన 7.0 తర్వాత పేజ్‌మేకర్‌కు మరో కూర్పు లేదు. అయినా తెలుగు అచ్చు ప్రపంచం దానిని ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి వాడుతూనే వచ్చింది.

నేను 1998లో డిగ్రీ చదువుతూ అన్న దగ్గర చేరేనాటికి ఆ గదిలో రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు ఉండేవి. పెళ్ళిపత్రికలు, దశదినకర్మ కార్డులు, పంచాయతీ ఎన్నికల కరపత్రాలు, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశ ప్రకటనలు... ఇదీ సరుకు. తెలుగు రాయడానికి అను, శ్రీలిపి వంటి పొందికలు ఉండేవి. వాటిలో చేరినవాడు మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటి ఉండేది. ఏ కీబోర్డు నేర్వాలి?

'యాపిల్' అని ఒకటి. 'మాడ్యులర్' అని ఒకటి. ఇవి కీబోర్డు తయారీదారుల పేర్లు కావు. ఏ మీట నొక్కితే ఏ తెలుగు అక్షరం పడుతుందో చెప్పే అమరికల పేర్లు. మొదటిది ఏ యంత్రపు జ్ఞాపకమో పేరే చెబుతుంది. రెండవది శ్రీలిపిని తయారుచేసిన పుణె సంస్థ పేరు. అన్నది యాపిల్ కీబోర్డు. అతడు తన జీవితంలో యాపిల్ యంత్రాన్ని తాకి ఎరుగడు. అతని గురువు ఎవరి దగ్గరో అది నేర్చుకుని ఇతనికి నేర్పాడు, ఇతడు నాకు నేర్పాడు. అంటే విండోస్ యంత్రం ముందు కూర్చుని, యాపిల్ పేరుగల అమరికతో, మాకింతోష్ మీద పుట్టిన పేజ్‌మేకర్‌లో, మేడ్చల్ పెళ్ళిళ్ళకు శుభలేఖలు కూర్చేవాళ్ళం. ఏ పార్టీ అని అడిగితే ఏం చెప్పాలి?

అప్పట్లో డిటిపి పనివాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే మొదటి ప్రశ్న "యాపిలా, మాడ్యులరా?" అన్నదే. యాపిల్ వచ్చినవాడికి మాడ్యులర్ కేంద్రంలో పని దొరికినా, మొదటి నెల నిమిషానికి పది మాటలు కూడా పడవు. ఇక మూడవది, ప్రభుత్వం ఆమోదించినది, ఇన్‌స్క్రిప్టు. 1986లో రూపొందింది. క మీట ఏ భారతీయ భాషలోనైనా అక్కడే ఉంటుంది. ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. శాస్త్రీయతలో దానికి సాటి లేదు. కాని మా సందులో దానిని నేర్చినవాడు ఒక్కడూ నాకు కనబడలేదు. కడుపుకు అన్నం పెట్టే అమరికను వదిలి శాస్త్రీయమైన అమరిక వైపు పోవడానికి ఎవరికి తీరిక?

* * *

మిత్రులకు తెలియనిది కాదు గాని, తర్వాతి కథ అర్థం కావడానికి ఆ పాత ఖతుల మర్మం కొంచెం చెప్పుకోవాలి. 'క్షి' అన్న అక్షరాన్ని ఆనాటి ఖతిలో కూర్చాలంటే, గుడి కట్టిన క ఒక ముక్క, ష వత్తు ఒక ముక్క. ప్రతి ముక్కకూ యూరోపు భాషల అక్షరాల గదులలో ఒక గది కేటాయించేవారు. ఏ ముక్కకు ఏ గది అన్నది ఖతి చేసినవారి ఇష్టం. కనుక ఒక ఖతిలో కూర్చిన పుటను వేరొక ఖతిలో తెరిస్తే తెలుగు కాదు గదా, ఏ భాషా కాని గీతలు ప్రత్యక్షమయ్యేవి. ఇంకా చెప్పాలంటే, యంత్రం దృష్టిలో ఆ పుటలో తెలుగే లేదు. తెలుగన్నది ఖతి వేసుకున్న ముసుగు మాత్రమే.

దీనికి విరుగుడుగా యూనికోడ్ వచ్చింది. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. భారత ప్రభుత్వపు ఇస్కీ ప్రమాణాన్ని ఆధారం చేసుకుని తెలుగుకు 128 గదులు ఇచ్చారు, 3072 నుంచి 3199 వరకు. ఇప్పుడు 'క్షి' అంటే నాలుగు అంకెల వరుస: క 3093, పొల్లు 3149, ష 3127, గుడి 3135. ఖతి ఏదైనా, యంత్రం ఏదైనా, కంపెనీ ఏదైనా ఆ వరుస మారదు. అక్షరం ఎలా కనబడాలన్నది ఖతి పని. అక్షరం ఏమిటన్నది అందరి ఒప్పందం.

అయితే ఒప్పందం కుదిరిన రోజునే యంత్రాలు దాన్ని పాటించలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఖతితోపాటు తెలుగుకు ఆదరువు లభించింది. అదీ కంట్రోల్ ప్యానెల్లో సంక్లిష్ట లిపుల పెట్టెకు టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ తెచ్చి పెట్టమని అది అడిగితే పెట్టి, యంత్రాన్ని ఒకసారి ఆపి మొదలుపెడితేనే. ఆ సీడీ దొరకక ఎందరం ఎన్ని ఇళ్ళ తలుపులు తట్టలేదు! లినక్స్‌లో పోతన, వేమన ఖతులు పెట్టుకుంటే అక్షరాలు వచ్చేవి గాని, ఫైర్‌ఫాక్సులో వత్తులు పక్కకు జారేవి. పాంగోను మేల్కొలిపే మంత్రమొకటి టైపుచేసి ఫైర్‌ఫాక్సును తెరవవలసి వచ్చేది. మాక్ వాడే ప్రవాస మిత్రుల అవస్థ మరీ దారుణం. 2011లో లయన్ కూర్పు వచ్చేదాకా యాపిల్ తన మాక్‌లలో తెలుగు ఖతిని పెట్టలేదు. అంతవరకు బయటినుంచి తెచ్చి అమర్చుకోనివారికి తెలుగు పుటంతా డబ్బాలే. మా అన్న యాపిల్ కీబోర్డుతో రోజుకు ముప్పై పుటలు తెలుగు కూర్చే కాలంలో యాపిల్ యంత్రానికి తెలుగు రాదు. ఇంతకు మించిన చోద్యం ఉంటుందా?

ఆ కొరతలను పూడ్చింది ఎక్కువగా కంపెనీలు కాదు, వ్యక్తులు. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన ఖతులు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. వెన్న నాగార్జునగారి పద్మ, పత్రికల వారి సొంత ఖతులను ఫైర్‌ఫాక్సులోనే యూనికోడ్‌లోకి మార్చి చూపింది. లేఖిని వచ్చాక ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయగలిగాం. హైదరాబాదులో స్వేచ్ఛ వారు లినక్స్‌కు తెలుగు మాటలు కట్టారు. మనలో చాలామందికి మొదటి తెలుగు వాక్యం తెరమీద కనబడిన రాత్రి ఇప్పటికీ జ్ఞాపకం ఉంటుంది.

* * *

నేను లినక్స్ పక్షానికి మారింది 2006లో. మారినవాడు ఊరుకుంటాడా? కొత్తగా మాల వేసుకున్నవాడి నిష్ఠ నాది. ఒక ఆదివారం సీడీ పట్టుకుని మేడ్చల్ వెళ్ళాను. స్వేచ్ఛ, సమష్టి, మన భాష, మన అక్షరం అంటూ అన్నకు ఒక గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అతడు శాంతంగా విన్నాడు. ఆ తర్వాత మూడే మూడు ప్రశ్నలు వేశాడు.

"ఇండ్ల పేజ్‌మేకర్ నడుస్తదా?"

నడవదన్నాను.

"నా యాపిల్ కీబోర్డు వస్తదా?"

రాదు, ఇన్‌స్క్రిప్టు నేర్చుకోవచ్చన్నాను.

"పదేండ్ల సంది కొట్టిన పత్రికలన్నీ తెరుచుకుంటయా?"

తెరుచుకోవన్నాను.

"మరి నన్నెందుకు రమ్మంటున్నవ్ తమ్మీ? పండ్లున్న తోట నరికి మొక్కలు పెట్టుమంటున్నవ్."

నాకు కోపం వచ్చింది. అతనిది బానిస బుద్ధి అని మనసులో అనుకున్నాను. పైకి కూడా ఇంచుమించు అదే అన్నాను. చదువుకున్నవాడినన్న గర్వం అది. నెలజీతం వచ్చే నాకు యంత్రం మార్చుకోవడం సిద్ధాంతం. ముహూర్తం దాటితే చెల్లని కాగితం కూర్చే అతనికి అది కూలి. పెళ్ళివారు పత్రిక రేపు కావాలంటే, "ఆగండి, కొత్త కీబోర్డు నేర్చుకుంటున్నాను" అని ఏ డిటిపి మనిషీ చెప్పలేడు. ఈ తేడా నాకు ఆనాడు తట్టలేదు.

విచిత్రమేమంటే, అంత నిష్ఠ గల నేను 2012లో ఉద్యోగరీత్యా మాక్‌కు మారిపోయాను. లయన్‌లో తెలుగు ఖతులు ఉన్నాయి గదా అని సమాధానం చెప్పుకున్నాను. అన్నకు తెలిసి నవ్వాడు. "గిప్పుడు అసలు యాపిల్ నీకాడున్నది, యాపిల్ కీబోర్డు నాకాడున్నది" అన్నాడు.

* * *

ఇక బాకీ సంగతి.

మా నాన్న శామీర్‌పేట పక్క గ్రామంలో ఉపాధ్యాయులు. ఆయనకు ద్రాక్షతోటలంటే ప్రాణం. ఈ తరానికి చెబితే నమ్మరు గాని, మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి ప్రాంతమంతా ఒకప్పుడు ద్రాక్షపందిళ్ళతో పచ్చగా ఉండేది. హైదరాబాదు ద్రాక్ష అంటే అనాబ్-ఎ-షాహీ. గింజగల పెద్ద పండు. తర్వాత గింజలేని థాంప్సన్ రకం వచ్చింది. పాత తీగలు తీసి కొత్తవి నాటినవారు కొందరు, అనాబ్‌ను వదలనివారు కొందరు. చివరకు రెండు రకాలవారి తోటలూ ప్లాట్లయ్యాయి. రాజీవ్ రహదారికి అటూ ఇటూ, తర్వాత ఔటర్ రింగు రోడ్డు పక్కన ఇప్పుడు కనబడే వెంచర్ల నేలలో ఆ పందిళ్ళ రాళ్ళు ఎన్ని ఉన్నాయో. శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో 2022లో కలెక్టరు కార్యాలయాలన్నీ ఒక్కచోటికి వచ్చాక ఆ దారి రూపమే మారిపోయింది.

ఏ ఊళ్ళో ఎవరి తోట, ఏ బావి కింద ఎన్ని పందిళ్ళు, కత్తిరింపులు ఎప్పుడు, కాపలా పాటలు ఏవి, బండ్లు ఏ దారిన పోయేవి అని నాన్న ఇరవై ఏళ్ళపాటు నోటుపుస్తకాలలో రాసుకున్నారు. 1999లో అవన్నీ ఒకచోట చేర్చి చిన్న పుస్తకంగా వేద్దామన్నారు. సాయంకాలం బేరాలు తగ్గిన తర్వాత నేను సగం, అన్న సగం కూర్చాం. తొంభై ఆరు పుటలు. ఒక్క పైసా పుచ్చుకోలేదు అన్న. పుస్తకం అచ్చుకు పోకముందే నాన్నకు జబ్బు చేసింది, 2001లో పోయారు. నోటుపుస్తకాలు ఇల్లు మారినప్పుడు తడిసి పాడయ్యాయి. మిగిలింది ఆ కూర్పు మాత్రమే. ఫ్లాపీల నుంచి సీడీకి, సీడీ నుంచి మరో పెట్టెకు మోసుకుంటూ వచ్చాను. మోసుకొచ్చానే గాని, ఒక్కసారీ తెరిచి చూడలేదు. నాన్న రాత నా దగ్గర భద్రంగా ఉందన్న ధీమా.

2019లో ఆయన వర్ధంతికి దాన్ని జాలంలో పెడదామని తెరవబోయాను. నా మాక్ దాన్ని గుర్తించనేలేదు. లినక్స్‌లో ఏవో ఉపాయాలతో లోపలి పాఠాన్ని బయటికి లాగితే, తొంభై ఆరు పుటల నిండా గీతలు, చుక్కలు, పరాయి అక్షరాలు. ఏ పొందికో, ఏ ఖతో పేర్లు చెప్పను, అది అప్రస్తుతం; ఆ కాలపు ఖతులన్నిటిదీ అదే తీరు. తప్పు నాది. మూడు పార్టీలు మారిన నేను మారిన ప్రతిసారీ వెనకటి ఇంటి తాళంచెవి పారేసుకుంటూ వచ్చాను. ఆ రాత్రి తెరముందు కూర్చుని ఎంతసేపు చూశానో చెప్పలేను. నాన్న చేతిరాత పోయింది, ఇప్పుడు మాట కూడా పోయిందనిపించింది.

మర్నాడు మేడ్చల్ వెళ్ళాను. పదమూడేళ్ళ కిందటి ఉపన్యాసం గుర్తుకు వచ్చి తలుపు దగ్గర కాస్త తటపటాయించాను. సంగతి చెబితే అన్న ఏమీ అనలేదు. మూలనున్న టేబులు మీద గుడ్డ తీశాడు. కింద పాత ఎక్స్‌పీ యంత్రం. 2014 ఏప్రిల్‌లోనే దానికి తయారీదారుల మద్దతు ఆగిపోయింది. జాలానికి కలపకుండా, ఆయుధపూజకు మాత్రం తప్పకుండా బొట్టు పెడుతూ దాన్ని నడుపుతూనే వచ్చాడు.

"గిండ్ల తెరుస్తే తెరుచుకోవాలె. ఖతి గదే, కూర్పు గదే. నేనేం మార్చలేదు" అన్నాడు.

మీట నొక్కాడు. మొదటి పుట తెరుచుకుంది. నాన్న పేరు, కింద ఊరి పేరు, ఆ కింద 'అనాబ్ తీగ' అనే మొదటి అధ్యాయం. అన్న లేచి నీళ్ళు తేవడానికి బయటికి వెళ్ళాడు. నీళ్ళ బిందె గదిలోనే ఉంది.

ఆ తర్వాత పని చాలానే పట్టింది. మార్పిడి పరికరంతో యూనికోడ్‌లోకి తెస్తే వత్తులు కొన్ని తారుమారయ్యాయి. క్రావడి ఉన్నచోట్ల అక్షరాలు గల్లంతయ్యాయి. నాలుగు నెలలపాటు ఆదివారాలు కూర్చున్నాం. పాత యంత్రం తెరమీద చూస్తూ అన్న పైకి చదివేవాడు, నేను నా యంత్రంలో సరిదిద్దేవాడిని. 'పందిరి' అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో, అన్నిసార్లు అతడు తన చిన్నప్పటి తోట ఒకటి చెప్పేవాడు. కొన్నిటిని నాన్న రాయలేదు. అన్న పేరుతోనే వాటిని అనుబంధంగా చేర్చాను.

* * *

ఇప్పుడు ఆలోచిస్తే నాకు తోచేది ఇది. మనం యంత్రాల పార్టీల గురించి ఎంత వాదించుకున్నా, కంపెనీ మీద ప్రేమతో అతుక్కుపోయినవారు తక్కువ. అన్నకు విండోస్ మీద భక్తి లేదు. అతని విశ్వాసం తన వేళ్ళకు, తను కూర్చిన వేల పుటలకు. కుషాయిగూడలో ఆనాడు స్వదేశీ యంత్రం తయారవుతున్నా ఐబీఎం నేర్చినవారు వెనుకాడారంటే, దానికీ ఇదే కారణం అయి ఉండాలి. మారినవాళ్ళ వల్ల కొత్త దారి పడుతుంది, నిజమే. మనమందరం మారబట్టే ఈనాడు తెలుగు ఏ ఫోనులోనైనా కనబడుతున్నది. కాని మారినవాళ్ళం వదిలేసినదాన్ని కాపాడినవాడు మారనివాడే. అతడు లేకపోతే మా నాన్న పుస్తకం లేదు.

మారినవాడికీ మారనివాడికీ నడుమ వంతెన ఒక్కటే, అందరికీ ఒకే అక్షర సంకేతం. అదీ దోషరహితం కాదనుకోండి. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా'కు సంబంధించిన ఒక అక్షరాల వరుస వస్తే చాలు, ఐఫోన్లు, మాక్‌లు కుప్పకూలిన సంగతి ప్రపంచమంతా చెప్పుకుంది. యాపిల్ కొద్దిరోజుల్లోనే సవరణ విడుదల చేసింది. అయితే అక్కడ కూలింది యంత్రం. అక్షరం వరుస అలాగే ఉంది; దాన్ని చూపించడం యంత్రమే నేర్చుకోవలసి వచ్చింది. పాత ఖతుల కాలంలో దీనికి తలకిందులు. యంత్రం బాగానే ఉండేది, అక్షరమే పోయేది.

మొన్న గృహప్రవేశ పత్రిక కూర్చడం అయ్యాక అన్నకు ఒకటి చూపించాను. అతని కొత్త యంత్రంలో తెలుగు వికీపీడియా తెరిచి, రాసే పెట్టె పక్కనున్న కీబోర్డు గుర్తు నొక్కాను. ఇన్‌స్క్రిప్టు, లిప్యంతరీకరణతోపాటు జాబితాలో యాపిల్, మాడ్యులర్ కూడా ఉన్నాయి. మనలాంటి వాళ్ళెవరో, డిటిపి వాళ్ళను దృష్టిలో పెట్టుకుని, వారి అమరికలను యూనికోడ్‌లోకి తెచ్చి చేర్చారు. 2006లో నేను 'రాదు' అన్నది వచ్చింది.

అన్న కళ్ళద్దాలు సవరించుకుని మీటల మీద చేతులు పెట్టాడు. తెర చూడలేదు. వేళ్ళు వాటంతట అవి కదిలాయి. 'మేడ్చల్' అని పడింది. ఒక క్షణం ఆగి, పక్కన 'శామీర్‌పేట' అని కొట్టాడు. వత్తు సరిగ్గా ఉన్నదా లేదా అని దగ్గరికి వంగి చూశాడు. ఉంది.

"గిది నీ యంత్రంల గూడ గిట్లనే కనవడ్తదా?" అని అడిగాడు.

కనబడుతుందన్నాను.

"అయితే పార్టీ ఏదైతేంది తమ్మీ" అని పత్రిక ప్రతులు లెక్కపెట్టి నా చేతికిచ్చాడు. ఈసారి మాత్రం డబ్బు పుచ్చుకున్నాడు.